నాటుకోడి సారు

మొన్న నంద్యాలలో, నేను పనిచేసిన కాలేజీలో, జంతుశాస్త్రం సారుకు సంతాపసభ పెట్టారు. నన్నూ పిలిచారు. ఆ కాలేజీ ల్యాబులో ఏళ్ళ తరబడి సీసాలు కడిగాను, ఏ సభకూ నన్ను పిలిచిన పాపాన పోలేదు. సభకు ముందు ఊడవడానికి, సభయ్యాక టీ కప్పులు ఏరడానికి పిలిచేవారు, అది వేరే. ఈసారి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఒకరి తర్వాత ఒకరు మైకు ముందుకొచ్చి ఆయనంత మేధావి జిల్లాలోనే లేడన్నారు, కాలేజీకి తీరని లోటన్నారు. ఆయన బతికుండగా స్టాఫు రూములో ఆయన వెనక నవ్విన నోళ్ళే అవన్నీ. పోతే ఇంత మర్యాద దొరుకుతుందని తెలిసుంటే పాపం ఇంకొంచెం ముందే పోయేవాడేమో.

నాకు మైకు ఇవ్వలేదు. తెలివైన పని చేశారు.

సభయ్యాక ఈ అమ్మాయి నా దగ్గరికొచ్చింది. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్న పిల్ల, ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతోంది. సారు మీద పుస్తకం వేస్తున్నారంట. నువ్వు చెప్పు, నేను రాస్తాను అంది. నాకు సంతకం వరకే వచ్చు, అదీ ఒక దీర్ఘం ఎక్కువో తక్కువో అవుతుంది. సరే, మాటలు దిద్దుకుంటే దిద్దుకో తల్లీ, సంగతి మాత్రం దిద్దొద్దు అన్నాను.

సంగతి ఇది. మా ఆయన చావుబతుకుల్లో మంచం మీదుండి, సంకటిలోకి నాటుకోడి పులుసు కావాలని మూడు నెలలు అడిగాడు. నేను పెట్టలేదు. పెట్టకపోవడానికి కారణం ఈ సారు. ఆయన గొప్పలన్నీ సభలో చెప్పేశారు కాబట్టి నా వంతుకు ఇది మిగిలింది.

మనిషి చూడ్డానికి, దండెం మీద ఆరేసిన చొక్కా దిగి నడిచొస్తున్నట్టు ఉండేవాడు. జేబుకు రెండు పెన్నులు. అందులో ఒకటి రాయదు. రాయనిది ఎందుకు మోస్తారు సార్ అని ఒకసారి అడిగాను. "రాయనంత మాత్రాన దానికి పనిలేదని ఎలా అంటారమ్మా?" అన్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు. ఏ మాట చెప్పినా చివర "అంటే ఏమిటి?" అని తనే అడిగి, తనే జవాబు చెప్పుకునేవాడు. "ఈరోజు నీళ్ళు రాలేదు. అంటే ఏమిటి? మీరు సీసాలు కడగలేరు." నాకు తెలియదు మరి, ఆయన చెప్పాలి.

అందర్నీ మీరు అనేవాడు. మెట్ల మీద పడుకున్న కుక్కను కూడా "మీరు కొంచెం జరగండి" అనేవాడు. అది జరిగేది కాదు, ఆయనే చుట్టూ తిరిగిపోయేవాడు. కప్పల్ని కోసే రోజు ఇంకా బాగుండేది. మత్తు పెట్టిన కప్పను పలక మీద వెల్లకిలా వేసి, కత్తెర పట్టుకుని, దాని మొహం మీదికి వంగి మెల్లగా "క్షమించండి" అనేవాడు. వెనక బెంచీల పిల్లలు, "కప్ప ఏమనింది సార్?" అని అరిచేవారు. "ఇంకా ఏమీ అనలేదు" అని నిజంగానే జవాబు చెప్పేవాడు. వాళ్ళ వంశం అంతా అహోబిలంలో నరసింహస్వామి సేవ చేసినవాళ్ళంట. వాళ్ళ నాయన దేవుడికి నైవేద్యం పెడితే, ఈయన కప్పలకు మత్తు పెట్టాడు.

సరే, ఆయన పిచ్చి ఏమిటో చెప్పాలి కదా. హైదరాబాదు నుంచి స్నేహితుడెవరో పోస్టులో జెరాక్సు కాగితాలు పంపేవాడు. అన్నీ ఇంగ్లీషు. కవరు అందగానే నిలబడినచోటే చింపేవాడు. పెళ్ళిసంబంధం జాబు వచ్చినవాడు కూడా అంత ఆత్రంగా చింపడు. అందులో ఏముందయ్యా అంటే, మనిషి కణంలో ఏదో దారం ఉందంట, అది ఏ పనీ చేయదంట, దాని మీద రాసిన రాతలు. పనిచేసే వాటి సంగతే ఎవరూ పట్టించుకోని కాలేజీలో, పనిచేయని దాని గురించి పాఠం అయ్యాక పది నిమిషాలు అదనంగా చెప్పేవాడు.

"సార్, పరీక్షలో వస్తాదా ఇది?" అని పిల్లలు అడిగేవారు.

"రాదు."

టపటపా నోటు పుస్తకాలు మూతపడేవి. ఆయన మాత్రం మూసిన పుస్తకాలకే చెప్పుకుంటూ పోయేవాడు. వినేదాన్ని నేనొక్కదాన్నే. ల్యాబుకూ క్లాసుకూ మధ్య ఒక చెక్కల తడిక. అవతల ఆయన గొంతు, ఇవతల నా కుళాయి చప్పుడు.

మాది ఆళ్ళగడ్డ. మా ఆయన రాతి బొమ్మలు చెక్కేవాడు. ఎన్ని ఊళ్ళ గుళ్ళకో దేవుళ్ళను చెక్కి పంపాడు. ఆ దేవుళ్ళు ఊరేగి పోయారు, వాళ్ళ పొడి మాత్రం మా ఆయన ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. చాలదన్నట్టు పైన బీడీ పొగ. దగ్గు, ఆయాసం, ఉమ్మిలో రక్తం. కర్నూలు తీసుకుపోతే ఫోటోలు తీశారు, పరీక్షకని ముక్క తీశారు, ఊపిరితిత్తిలో గడ్డ, క్యాన్సరు అన్నారు. అప్పటికే చాలా దూరం పోయిందన్నారు. "ఇంటికి తీసుకుపోమ్మా. ఏమడిగితే అది పెట్టు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఏమడిగితే అది పెట్టమనడమంటే చేతులు కడుక్కోవడమే కదా.

ఆ మరుసటి వారమే, తడిక అవతల సారు చెబుతున్నాడు. ఇవతల కుళాయి పారుతోంది. ఊపిరితిత్తులు అనే మాట వినబడి నా చేతిలో సీసా ఆగింది. సారు అన్నది ఇది: "నాటుకోడి ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో గడ్డ ఒకచోట ఊరుకోదు. ఒళ్ళంతా పాకుతుంది. అంటే ఏమిటి? దాన్ని తగ్గించే దారి దొరికితే, పాకడం ఆగవచ్చు."

కుళాయి కట్టేశాను. ఇంకో మాట వినబడింది. "పొట్టివి వేరు, పొడవైనవి వేరు. నేను చెబుతున్నది పొడవైన నాటుకోడి సంగతి."

నవ్వుతున్నావా తల్లీ? రాసుకుంటూ నవ్వు, పరవాలేదు. ఆయన అన్నది నాన్ కోడింగ్. పొడవైన నాన్ కోడింగ్ ఆర్ఎన్ఏ. నీకు తెలుసు, నువ్వు చదువుకున్నావు. నాకు కోడి తెలుసు, నాటు తెలుసు. ఆ రెంటి మధ్య ఇంగ్లీషు ఉంటుందని నేనేం కలగన్నానా?

పోయి అడగొచ్చు కదా అంటావు. చదువుకున్న సారు చెప్పిన మాటకు సీసాలు కడిగేది ఎదురు ప్రశ్న వేస్తుందా? పైగా కర్నూలు డాక్టర్లు చేతులు కడుక్కున్నారు, ఈ సారు ఒక దారి చెప్పాడు. మా పెరట్లో పొడుగు కాళ్ళ పుంజు ఒకటి ఉండేది. మా ఆయనకు బలానికని పెంచుతున్నాను. ఆ సాయంత్రమే దాన్ని పక్కింటికి ఇచ్చేశాను. మరుసటి రోజు వాళ్ళు మసాలా నూరి వండుకున్నారు. వాసన గోడ దాటి మా ఆయన మంచం దగ్గరికొచ్చింది.

"మే, మన పుంజు గదూ అది ఉడుకుతాండేది?"

"నీకు పడదు. ఊరికుండు."

"చచ్చేటోనికి పడకపోయేదేంది మే?"

"చావవు. అందుకే పెట్టల్యా."

అలా మొదలైంది. మంచి మనిషే కానీ నోరు ఊరుకోదు. రోజూ నేను సంకటి ముద్ద చేసి పక్కన గిన్నె పెట్టగానే ఒంగి చూసేవాడు.

"ఈ పొద్దు ఏం?"

"బీరకాయ."

"నిన్న సొరకాయ. మొన్న అలసందలు. నన్నేమన్నా జాతరకు మేపుతాండావా మే? యా దినం కోస్తావో ముందే చెప్పు, తానం చేసి కూర్చుంటా."

"సారు చెప్పినాడు. నాటుకోడి తింటే గడ్డ పాకుతాదంట."

"యా సారు? కప్పలకు దండం పెడతాడే, ఆయప్పా? కోడి మొహం ఎరగనోడు కోడి మానమంటే మానేదా?"

తర్వాత తర్వాత ఎగతాళి తగ్గింది. అడగడం తగ్గలేదు. ఉత్త చారు చాలు అన్నాడు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని ఊసేస్తా అన్నాడు. నేను కరగలేదు. గడ్డ పాకకూడదు, మనిషి ఉండాలి, అంతే. ఆ మూడు నెలలూ నాకంటే మంచి పెళ్ళాం ఆళ్ళగడ్డలో లేదనుకున్నాను.

ఒకరోజు మా ఆయన గంజి కూడా సగం వదిలేశాడు. నాకు భయమేసింది. కాలేజీకి పోగానే సారు ముందు నిలబడ్డాను.

"సార్, నాటుకోడి వొద్దులేండి. ఫారం కోడి పెట్టొచ్చా? పోనీ గుడ్డు?"

"ఎవరికమ్మా?"

"మాయనకు. మీరే గదా చెప్తిరి, నాటుకోడి ఎక్కువైతే ఊపిరితిత్తిలో గడ్డ పాకుతాదని. పొడుగుది అంటిరి. ఆ పొద్దే మా పుంజును ఇచ్చేస్తి."

ఆయన నన్ను చూశాడు. తడికను చూశాడు. కుళాయిని చూశాడు. పక్కనున్న ఎత్తు స్టూలు మీద మెల్లగా కూర్చున్నాడు. అంటే ఏమిటి అని అనలేదు. అన్ని ఏళ్ళలో ఆయన ఆ మాట మింగింది అప్పుడే.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"ఉగాదికి ముందు కాడ్నుంచి."

"ఆయన అడిగారా?"

"రోజూ."

నాన్ కోడింగ్ అంటే ఏమిటో రెండే మాటల్లో చెప్పాడు. కోడితో దానికేమీ సంబంధం లేదన్నాడు. నేను ఏడవలేదు. నాకు కోపం వచ్చింది. "కోడి గాకపోతే కోడి అని ఎందుకంటిరి సార్?" అని అరిచాను. ప్రిన్సిపాలు గది దాకా వినబడి ఉంటుంది. ఆయన తలవంచుకుని, "క్షమించండి" అన్నాడు. కప్పకు చెప్పినట్టే.

తర్వాత గంటలో క్లాసుంది. ఆయన క్లాసు ఎగ్గొట్టాడు. నన్ను వెంటబెట్టుకుని సంతబజారుకు పోయాడు. జన్మలో ఆ వీధిలో కాలు పెట్టని మనిషి కోళ్ళ గంపల ముందు నిలబడి, "ఇవి నాటువేనా? ఖచ్చితంగా? మీరు ఎలా చెప్పగలరు?" అని అడుగుతాడు. అమ్మేవాడికి ఏం చెప్పాలో తెలియలేదు. "నాటుదే స్వామీ. కావాల్నంటే దాన్నే అడుగు" అన్నాడు. నేను పట్టుకుంటానంటే ఒప్పుకోలేదు. కాళ్ళు కట్టిన కోడిని రెండు చేతులా గుండెకు ఆనించుకుని, మెడ వీలైనంత వెనక్కి పెట్టి, ఆళ్ళగడ్డ బస్సెక్కాడు. ఆ కోడికీ ఆయన మొహం నచ్చలేదు.

కండక్టరు వచ్చి, "ఏమప్పా, ముగ్గురా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. దానితో పోయుంటే బాగుండు. ముందు సీట్లో అహోబిలం పోతున్న పెద్దాయన, నుదుట నామం, వెనక్కి తిరిగాడు. సారును పుట్టినప్పటి నుంచీ ఎరిగినవాడంట.

"ఏం నాయనా, చేతిలో అదేంది?"

"కోడండి."

"కనపడతాంది. కాలేజీలో కోసేదానికా?"

"కాదండి. కూరకి."

పెద్దాయన ముందుకు తిరిగి కూర్చున్నాడు, మళ్ళీ ఆళ్ళగడ్డ దాకా తల తిప్పలేదు. బస్సు దిగాక నేను ఆపుకోలేకపోయాను.

"ఏం సార్ మీరు! నాకు గాదు అని ఒక్క మాట అంటే అయిపోతా వుండె గదా?"

"ఎవరికని ఆయన అడగలేదు కదమ్మా."

అదీ మనిషి. ఆ కబురు సాయంత్రానికే అహోబిలం చేరిందంట. ఇంకో రెండు రోజులకు నంద్యాల కాలేజీకి చేరింది. బోర్డు మీద పిల్లలు కోడి బొమ్మ గీసి కింద నాటుకోడి సారు అని రాశారు. ఆయన దాన్ని చూసి, చాక్‌పీసు తీసుకుని, "కాలికి వెనక వేలు మరిచారు" అని వేలు గీసి పాఠం మొదలుపెట్టాడు. ఆ పేరు ఆయన పోయేదాకా ఉంది. సభలో మటుకు ఎవరూ అనలేదు. మర్యాదస్తులు.

ఇంటికి పోగానే నేను పెరట్లో కోడిని కోశాను. సారు పందిట్లో మా ఆయన మంచం పక్కన, సగం చెక్కిన రాయి మీద కూర్చున్నాడు. నేను మసాలా నూరుతుంటే వాళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి. ఈసారి చెవి రిక్కించి విన్నాను.

"కోడి గాదంట గదా సార్. మరి ఏందది?"

"కణంలో దారాల్లాంటివి ఉంటాయండి. చాలావాటిని చూసి కణం ప్రోటీన్లు తయారు చేసుకుంటుంది. ఒళ్ళంతా ఆ ప్రోటీన్లతోనే నడుస్తుంది. ఇది మాత్రం పొడవుగా ఉంటుంది కానీ ఏమీ తయారు చేయదు. అందుకని చెత్త అనుకున్నారు."

"ఉలి పట్టదంటావ్."

"పట్టదు. కానీ పట్టేవాళ్ళకు ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో ఇదే చెబుతుందేమో అని ఇప్పుడు అనుమానం. అలాంటివి చాలా ఉన్నాయి. కొన్ని లెక్క తప్పితే, ఆగాల్సిన కణం ఆగదు."

మా ఆయన దగ్గి, నవ్వి, మళ్ళీ దగ్గాడు. "మా తావున గూడా ఒకడుంటాడు సార్. ఉలి ముట్టడు. రాయి మీద ఎర్రగా గీత గీసి పోతాడు. ముక్కు యాడ, మూతి యాడ అని. ఊరోళ్ళు వాన్ని చూసి ఉత్తోడు అనుకుంటారు. ఆ గీత తప్పిందనుకో, ముక్కు చెక్కుతానే పోతావ్. దేవుడు ఉండడు, పొడి మిగుల్తాది." కాసేపు ఆయాసం తీర్చుకుని, "నా లోపల గీత తప్పినట్లుంది" అన్నాడు.

సారు ఏమన్నాడో తెలుసా? "నేను ఇన్నేళ్ళు చెప్పినా క్లాసులో ఒక్కరికీ ఇలా అర్థం కాలేదండి" అన్నాడు. ఆయన గొంతులో సంతోషం! చచ్చేవాడి మంచం పక్కన కూర్చుని సంతోషపడ్డాడు. నాకు రోలు ఎత్తి వేయాలనిపించింది.

"దానికి మందుండాదా సార్?"

"ఇంకా లేదండి."

"మరి తెలిసి ఏం లాభం?"

అడిగి, మా ఆయనే పోనీలే అన్నట్టు, "తెలిసింది గదా. అది చాలులే" అన్నాడు.

సంకటి వేడివేడిగా చేశాను. మధ్యలో గుంట చేసి పులుసు పోశాను. మా ఆయన లేచి కూర్చుంటానన్నాడు. సారు వెనక నుంచి పట్టుకున్నాడు, మాంసం కంచం వైపు చూడకుండా, మొహం పక్కకు తిప్పి. మా ఆయన కంచం మీదికి వంగి ఆవిరి పీల్చాడు. కళ్ళు మూసుకున్నాడు. చిన్న ముద్ద, చిటికెన వేలి కణుపంత, పులుసులో అద్ది నోట్లో పెట్టుకున్నాడు.

దిగలేదు. నీళ్ళు తాగాడు, దిగలేదు. గొంతు ఇంకేదీ పోనివ్వని దశకు వచ్చేసింది. అరచేతిలోకి ఊసి, దాన్నే కాసేపు చూశాడు. మళ్ళీ నవ్వాడు.

"ఉప్పు సరిపోయింది మే" అన్నాడు. తర్వాత, ఎవరితోనూ కాకుండా, "రెండు నెలల ముందర అయ్యుంటే ఎముకలు గూడా ఇడిసుండను" అన్నాడు.

అది నేను విన్నాను. వెనక పట్టుకున్న సారు విన్నాడు. పదో రోజు మా ఆయన పోయాడు. నాటుకోడి తిన్నా తినకున్నా గడ్డ పాకేదే, పాకింది. నేను మానిపించింది గడ్డను కాదు, ఆయన నోటి రుచిని.

ఆ తర్వాత ఏటా మా ఆయన పోయిన రోజుకు సారు ఆళ్ళగడ్డ వచ్చేవాడు. పిలవలేదు. చెప్పి వచ్చేవాడు కాదు. నేను పటం ముందు సంకటి, పులుసు పెట్టేదాకా పందిట్లో ఆ రాతి మీదే కూర్చునేవాడు. లోటాడు నీళ్ళు తప్ప ఏమీ ముట్టేవాడు కాదు. పోయేటప్పుడు గడప దగ్గర నిలబడి ఒకటే మాట.

"ఆ రోజు నేను ఇంకొంచెం స్పష్టంగా చెప్పి ఉండాల్సిందమ్మా."

"అవును సార్," అనేదాన్ని. "చెప్పిండాల్సింది."

తల ఊపి బస్సుకు పోయేవాడు. నాలుగేళ్ళు ఇదే. పోయినేడు గుండె జబ్బుతో అడుగు తీసి అడుగు వేయలేకపోయినా వచ్చాడు. అదే మాట అన్నాడు. నేనూ అదే అన్నాను. ఆయన మెట్టు దిగడానికి గోడ పట్టుకుంటుంటే చూస్తూ నిలబడ్డానే కానీ, మాట వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు రాయి తల్లీ, సరిగ్గా రాయి. ఆయన స్పష్టంగానే చెప్పాడు. ఎప్పుడూ ఆయన మాటలో నత్తి లేదు, నసుగు లేదు. ఆ క్లాసులో అరవై మంది కూర్చుంటే ఒక్కరికీ కోడి వినబడలేదు. నువ్వూ ఉంటివి కదా ఆ బెంచీల్లో, నీకు వినబడిందా? నాకు వినబడింది. ఎందుకంటే మా ఆయన్ని ఆపుకోవడానికి నా చేతిలో ఏదో ఒకటి ఉందని ఎవరైనా అనాలని చూస్తున్నాను. ఆయన అనలేదు, నేనే వినేశాను. తెలిసి కూడా ఏటా అవును సార్ అన్నాను. చదువుకున్నాయన, మోయగలడులే, నా సగం కూడా ఆయన మీదే పడేద్దాం అనుకున్నాను. ఆయన మోశాడు. ఒక్కసారి కూడా, సరిగ్గా వినుండాల్సింది మీరు అని అనలేదు.

వచ్చే నెలలో మా ఆయన పోయిన రోజు వస్తుంది. సంకటి చేస్తాను, పులుసు పెడతాను. గడప దగ్గర నిలబడి ఆ మాట అనేవాళ్ళు ఈసారి లేరు. ఇంకొంచెం సరిగ్గా విని ఉండాల్సింది అని నేనే అనుకోవాలి. అవునే, వినుండాల్సింది అని జవాబు కూడా నేనే చెప్పుకోవాలి.